ఏడాదంతా వెలిగే దీపం

భద్రాచలంలో వానాకాలం మూడు అంకెల మీద నడుస్తుంది. వంతెన దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. జూలై, ఆగస్టు నెలల్లో బస్సు దిగినవాళ్లెవరైనా "ఎంతుంది?" అని అడిగితే ధర అడుగుతున్నారని ఇక్కడెవరూ అనుకోరు, అడుగులు చెబుతారు. ఒడ్డు ఊళ్లలో దీనికి తోడు మరో లెక్క ఉంది. ఏ అడుగుకు ఏ వాగు ఎగదన్నుతుందో, ఏ రోడ్డు మునుగుతుందో, ఏ ఊరికి కరెంటు పోతుందో దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు, అశ్వాపురం మండలాల పెద్దవాళ్లకు నోటికి వచ్చు. మొదటి లెక్కను అధికారులు గంట గంటకూ ప్రకటిస్తారు. రెండో లెక్క ఎవరూ ప్రకటించరు.

2022 జూలై 16న గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంతటి వరద మళ్లీ అదే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, సైన్యం దిగింది, వేల మందిని పునరావాస కేంద్రాలకు చేర్చారు. మరుసటి రోజు ముఖ్యమంత్రి వచ్చి శాశ్వత పరిష్కారానికి వెయ్యి కోట్లన్నారు, ఇంటికి పది వేల తక్షణ సాయమన్నారు. ఇదంతా టీవీల్లో వచ్చింది. రానిది చీకటి. చీకటిని ఏ కెమెరా మాత్రం ఏం చూపిస్తుంది?

వరదలో కరెంటు పోతుందంటాం గానీ, నిజానికి తీసేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దాకా నీళ్లొచ్చినా, తీగలు నీటికి దగ్గరపడినా సబ్‌స్టేషన్‌లో ఫీడర్ ఆపేయాల్సిందే. ఆపకపోతే పడవ నడిపేవాడి నుంచి గట్టు వెతుక్కునే గొడ్డు దాకా ఎవరి ప్రాణానికీ పూచీ లేదు. నీళ్లు తీశాక కూడా వెంటనే ఇవ్వలేరు. ఒరిగిన స్తంభాలు నిలబెట్టాలి, తడిసిన ట్రాన్స్‌ఫార్మర్లు మార్చాలి, ఇళ్లలో మీటర్లు, స్విచ్‌బోర్డులు ఆరాయో లేదో చూడాలి. మణుగూరులో 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం, పాల్వంచలో కేటీపీఎస్, సింగరేణి వేసిన సోలార్ ప్లాంట్లు ఉండగా ఈ జిల్లాకు చీకటేమిటని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ జవాబు ఉత్పత్తిలో లేదు. ఎన్ని మెగావాట్లు తయారైనా, మునిగిన తీగలో పారించడానికి వీల్లేదు. గ్రిడ్ ఆగిపోక తప్పని ఆ నాలుగైదు రోజులు ఊరు తన కరెంటు తాను చేసుకోగలదా అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న. 2022 తర్వాత ఏజెన్సీకి వచ్చిన దాతలంతా దాని చుట్టూనే తిరిగారు.

అలా వచ్చిన ఒక గ్రాంటు కథ నాకు దగ్గరగా తెలుసు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. నేను వాళ్లతో ఊళ్లు తిరిగిన వలంటీరును మాత్రమే. 'విపత్తు సంసిద్ధత' పేరుతో సోలార్ లాంతర్లు కొన్నారు. మంచి సరుకే. ఫోన్ చార్జింగ్ పెట్టుకునే వీలుంది, చేత్తో పట్టుకుని నడవచ్చు. వాటిని ఊరూరా పంచితే పోగొట్టుకుంటారు, అమ్ముకుంటారు అనుకున్నారు. అందుకని పెట్టెల్లో సర్ది, తాళం వేసి, వరద వచ్చిననాడు తీయాలని నిర్ణయించారు. జాబితా రాశారు, ఫొటోలు తీశారు, వినియోగ పత్రం పంపారు. కాగితం మీద ఆ పథకానికి వంక పెట్టడానికి లేదు.

2023 జూలై చివరివారంలో గోదావరి మళ్లీ 56 అడుగులు దాటింది. పెట్టెలు తీశారు. సగానికి పైగా లాంతర్లు వెలగలేదు. బ్యాటరీ అనేది వాడకుండా ఉంచితే నిలవుండే వస్తువు కాదు. తనంతట తాను కొంచెం కొంచెంగా కారిపోతుంది. ఒక హద్దు దాటి కారాక ఎండలో పెట్టినా మళ్లీ పుంజుకోదు. అందులోనూ ముసురు పట్టిన రోజుల్లో పెట్టెలోంచి తీసి ఆరుబయట పెడితే ఏం చార్జవుతుంది?

అదే వరదలో, అదే మండలంలో, ఒక గూడెం అంగన్‌వాడీ రేకుల మీద పాత సోలార్ పలకలు రెండు ఉన్నాయి. ఎవరి హయాంలో వేశారో, ఏ పద్దులో వేశారో అక్కడెవరికీ గుర్తులేదు. వాటితో రోజూ ఒక ఫ్యాను తిరుగుతుంది, రెండు బల్బులు వెలుగుతాయి. ఆయా పొద్దున్నే వచ్చి ఆకులు, పిట్టల రెట్టలు తుడిచేస్తుంది. బ్యాటరీలో నీళ్లు తగ్గితే టీచరమ్మ చర్ల వెళ్లినప్పుడు తెచ్చి పోయిస్తుంది. వరద రోజుల్లో గూడెం అంతా ఆ గదిలోనే. ఫ్యాను ఆపేశారు, బల్బు ఒక్కటే ఉంచారు, మిగిలిందంతా ఫోన్లకు. మా పెట్టెల సంగతి అక్కడి ఆశ కార్యకర్తకు చెబితే ఆమె నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. "రోజూ వాడేదైతే పాడైననాడే తెలుస్తది సారూ. పెట్టెల పెట్టింది పాడైతే ఎవరికి తెలుస్తది?" అంది.

నేను నేర్చుకున్న పాఠం మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది. విపత్తు కోసమని విడిగా దాచిన సామాను విపత్తు నాటికి చచ్చి ఉంటుంది. ఏడాదంతా ఊరి పనిలో ఉన్నదే ఆ నాలుగు రోజులూ పనికొస్తుంది. మాట చిన్నదే గానీ గ్రాంట్లిచ్చే పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. అక్కడ 'అభివృద్ధి' ఒక పద్దు, 'విపత్తు' మరో పద్దు. అంగన్‌వాడీకి ఫ్యాను తిప్పే పలక మొదటి దాంట్లోకి వస్తుంది, వరదలో ఫోన్‌కు చార్జింగిచ్చే పలక రెండో దాంట్లోకి. రెండూ ఒకే పలకేనని రాయడానికి దరఖాస్తులో గడి ఉండదు.

వెలుతురు అంటే ఇక్కడ ఏమిటో కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో కూర్చుని చదివేవాళ్లకు అది సౌకర్యంలా అనిపిస్తుంది. వరదొస్తుందంటే నెలలు నిండిన గర్భిణులను ముందుగానే భద్రాచలం ఆసుపత్రికి తరలించడం ఇక్కడ ఏటా జరిగే పని. ఆ పని మెచ్చుకోదగ్గదే. కానీ కానుపు వైద్యశాఖ రాసుకున్న తేదీకే రావాలని లేదు. తరలించలేక మిగిలిపోయిన ఒక్క తల్లికి ఉపకేంద్రంలో నొప్పులొస్తే, నర్సమ్మ నోట్లో టార్చిలైటు పెట్టుకుని కాన్పు చేయాలి. నీళ్లు ఎక్కేకొద్దీ పాములు మెరకకు వస్తాయి, మనుషులూ అక్కడికే వస్తారు. బడి వరండాలో చీకట్లో కాలు పెట్టడానికి పిల్లలు జంకుతారు. టీకాలుంచే ఐస్ లైన్డ్ ఫ్రిజ్‌కు రోజుకు ఎనిమిది గంటల కరెంటు అందితే చాలు, మందు చెడదు. ఆ ఎనిమిది గంటలే ఉండవు. ఇక ఫోన్. పడవ ఎటు పోతోందో, మందు ఎక్కడ దొరుకుతుందో, ఎగువన మట్టం ఎంతుందో తెలిసేది దాంతోనే. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగులకు లేచి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మందిని చుట్టేసినప్పుడు, వాళ్ల గోడు ఊరికి తెలిసింది చేతిలో ఫోన్లు బతికి ఉండబట్టే. చివరికి జేసీబీ మీద వెళ్లి వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఒక మామూలు డ్రైవరు. గోదావరి వరద ఎగువ నుంచి చెప్పి వస్తుంది. మున్నేరు, పెద్దవాగు అలా కాదు. ఆ ఏడాదే జూలైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగి, దిగువన ఆంధ్రలోని వేలేరుపాడు మండలం దాకా ముంచేసింది. మూడు హెచ్చరికల తీరిక లేని చోట, ముందే చార్జయి ఉన్న బ్యాటరీ ఒక్కటే పనికొస్తుంది.

సోలార్ అనగానే వచ్చే మొదటి అభ్యంతరం మబ్బు. వరదంటేనే ముసురు, ముసురులో పలకలు ఏం ఇస్తాయి? అభ్యంతరం నిజమే, దాన్ని దాటవేసే అమ్మకందార్ల మాట నమ్మకండి. దట్టమైన మబ్బులో ఉత్పత్తి నాలుగో వంతుకో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. కానీ గోదావరి సంగతి వేరు. భద్రాచలానికి వచ్చే పెద్ద వరద సింహభాగం మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కురిసిన వాన. ప్రాణహిత, ఇంద్రావతి మోసుకొచ్చేది. ఇక్కడ మబ్బు విడిచాక కూడా నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి. తలమీద ఎండ, కాళ్లకింద వరద చూసినవాళ్లు ఈ ఊళ్లలో బోలెడు మంది. పైగా అవసరం చిన్నది. ఒక యూనిట్ కరెంటుంటే సుమారు నలభై ఫోన్లు నిండుతాయి. తొమ్మిది వాట్ల బల్బు రాత్రంతా వెలిగితే అయ్యేది యూనిట్‌లో పదో వంతు. ఫ్యాన్లు, మోటార్లు అడగకుండా ఉంటే కిలోవాటు పలకలు మబ్బులో కూడా ఒక గూడేన్ని గట్టెక్కిస్తాయి. అయితే బ్యాటరీని నేల మీద పెట్టకూడదు. 2022 నీటి గుర్తు గోడ మీద ఎక్కడుందో చూసి దానికి పైన అటక కట్టాలి. ఇది ఇంజనీరు చెప్పాల్సిన మాట కాదు, ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

పక్కనే ఛత్తీస్‌గఢ్ ఉంది. చర్ల దాటితే బీజాపూర్, చింతూరు దాటితే సుక్మా. మనం 'లోపలి ఊళ్లు' అని జాలిపడే ఆ రాష్ట్రం ఈ పనిలో మనకన్నా చాలా ముందుంది. అక్కడి పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా 2012-16 మధ్య 570 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు తలా రెండు కిలోవాట్ల సోలార్ పెట్టింది. 2017లో సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ వెళ్లి చూస్తే, సోలార్ ఉన్న కేంద్రాల్లో లేనివాటికంటే నెలకు రోగుల రాక సగానికి పైగా ఎక్కువ, కాన్పులు దాదాపు రెట్టింపు. విపత్తు పేరుతో పెట్టినవి కావవి. రోజువారీ కాన్పుల కోసం పెట్టారు. పలకలు బిగించి వెళ్లిపోకుండా, వాటిని చూసుకునే మెకానిక్కుల ఏర్పాటు కూడా చేశారు.

సముద్రం అవతల ప్యూర్టోరికోలోనూ ఇదే జరిగింది. 2017 సెప్టెంబరులో మరియా తుపాను ఆ ద్వీపం గ్రిడ్‌ను కూల్చేసింది, పూర్తిగా నిలబెట్టడానికి ఏడాది దగ్గర పట్టింది. అద్‌హుంతాస్ అనే కొండ ఊళ్లో కాసా ప్వేబ్లో అనే సంఘం కార్యాలయం మీద అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే సోలార్ ఉంది. తుపాను మర్నాటి నుంచి ఊరంతా అక్కడికే వచ్చింది, ఊపిరి యంత్రాల మీద బతికేవాళ్లతో సహా.

మన దగ్గర డబ్బు లేదా అంటే, ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం సహాయానికి ఒక నిధిని, ఉపశమనానికి మరో నిధిని పెట్టమంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య అయిదేళ్లకు రాష్ట్రాల స్థాయి నిధులకు 1,60,153 కోట్లు లెక్కగట్టింది. మనలాంటి రాష్ట్రాల్లో అందులో ముప్పాతిక వంతు, అంటే నూటికి 75, కేంద్రం వాటా. ఆ మొత్తంలో నూటికి 20 ఉపశమనానికి, అంటే ముప్పు రాకముందే చేసే పనులకు. మరో 10 సంసిద్ధతకు. కాగితం మీద ఎంత బాగుందో చూడండి. ఈ జిల్లాలో బొగ్గు రాయల్టీతో నడిచే జిల్లా ఖనిజ నిధి ఉంది, దాని ప్రాధాన్యాల జాబితాలో ఇంధనమూ ఉంది. లాభాల్లో నూటికి రెండు సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్న కంపెనీల చట్టం, 2019 నుంచి విపత్తు నిర్వహణను కూడా అందులో చేర్చింది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్, కరెంటు చేరని ఆదిమ గిరిజన కుటుంబానికి సోలార్ కోసం 50 వేల దాకా ఇస్తుంది.

ఇస్తుంది సరే, ఎవరికి? జన్‌మన్ మన వైపు కొండరెడ్లకు వర్తిస్తుంది, పక్క గూడెం కోయలకు వర్తించదు. వాళ్లకోసం 2024 అక్టోబరులో ధర్తీ ఆబా పథకం వచ్చింది. ఇక సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన రిజర్వు అడవిలో గుడిసెలేసుకున్న గొత్తికోయలున్నారు. తెలంగాణలో వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, అడవిలో స్తంభం పాతనివ్వరు. గోదావరికి, వాగులకు ఈ జాబితాలు తెలియవు. ఏ పద్దులోనూ ఇమడనివాళ్లకే ముందు చీకటి అవుతుంది.

అటవీ భూమిలో ఏమీ పెట్టనివ్వరనే మాటకు ఒక సవరణ చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో, ఊరికి అవసరమైన పదమూడు సదుపాయాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వచ్చని ఉంది. బడి, అంగన్‌వాడీ, కరెంటు తీగలతో పాటు సంప్రదాయేతర ఇంధన వనరులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కావలసింది గ్రామసభ సిఫారసు. ఈ వెసులుబాటు తెలిసిన సర్పంచులను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. తెలిసిన అధికారులు ఇంకా ఎక్కువ మందే ఉండాలి, కానీ వాళ్లంతట వాళ్లు చెప్పగా వినలేదు.

డబ్బు ఉండి, చట్టం ఉండి, పలకలు ఎందుకు చస్తున్నాయి? ప్రతి గ్రాంటూ కొనుగోలుకు ఇస్తుంది, పోషణకు ఇవ్వదు. బర్రెను కొనిచ్చి గడ్డికి పైసా ఇవ్వనట్టు. సోలార్ పలక పాతికేళ్లు ఉంటుంది. దాని కింది సీసపు బ్యాటరీ నాలుగైదేళ్లకు పోతుంది, లిథియం అయితే మరి కొన్నేళ్లు. గ్రాంటు గడువు చాలాసార్లు రెండేళ్లో మూడేళ్లో. కాబట్టి బ్యాటరీ చచ్చే రోజుకు దాత వెళ్లిపోయి ఉంటాడు, ముగింపు నివేదిక ఫైల్లో ఉంటుంది, ప్రారంభోత్సవం ఫొటో గోడ మీద ఉంటుంది. ఏజెన్సీ బళ్ల మీద కప్పు వైపు చూడండి, పని చేయని పలకలు కనబడతాయి. పలక బాగానే ఉంటుంది. కింద బ్యాటరీ ఉండదు, లేదా ఇన్వర్టర్‌లో ఫ్యూజు ఉండదు. కొన్ని వందల రూపాయల రిపేరుకు ఎవరి సంతకం కావాలో తెలియక మూలపడ్డవే ఎక్కువ.

అందుకే ఇప్పుడు ఎవరైనా సోలార్ ప్రతిపాదన చూపించి అభిప్రాయం అడిగితే పలకల సంఖ్య చూడను. అయిదో ఏట బ్యాటరీకి డబ్బు ఎక్కడుందో చూస్తాను. మామూలు రోజున దానితో ఏం నడుస్తుందో చూస్తాను. ఫ్యానో, బల్బో, పిండిమరో, తాగునీటి మోటారో, ఏదో ఒకటి నడవాలి. తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడుగుతాను. 'కమిటీ దగ్గర' అంటే ఒప్పుకోను, ఊళ్లో ఉండే ఒక మనిషి దగ్గర ఉండాలి. ఫోన్ చార్జింగ్‌కు అయిదు రూపాయలు తీసుకుని డబ్బాలో వేసే ఊరైతే ఇంకా మంచిది. ఆ డబ్బాను దాతలు ఇష్టపడరు, పేదల దగ్గర వసూలంటారు. కానీ బ్యాటరీ నీళ్లు కొనేది ఆ డబ్బాతోనే. వరద రోజుల్లో మాత్రం ఎవరి దగ్గరా తీసుకోకూడదు. అది గ్రామసభ తీర్మానంలో రాసి పెట్టుకోవాలి.

పెద్ద జనరేటర్లు, డీజిల్ అద్దెలు వద్దని నేననను. భద్రాచలం కరకట్ట లోపల చేరిన నీటిని తోడే మోటార్లు రెండు పలకలతో నడవవు. ఆసుపత్రి ఆపరేషన్ గదికీ జనరేటర్ ఉండాల్సిందే. కానీ వంతెన మూసిన రోజు డీజిల్ కూడా ఆగుతుంది. పడవలో డీజిల్ క్యాను ఎక్కిస్తే ఆ మేరకు బియ్యం మూట దించాలి. దుమ్ముగూడెం అవతలి గూడేనికి అది ఎప్పటికి చేరుతుంది?

ఈ వ్యాసం చదివేవాళ్లలో అమెరికాలో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తూ వరదప్పుడల్లా చందా పంపేవాళ్లు ఉంటారు. మీ చందా మంచిదే, ఆపవద్దు. వచ్చే వరదకు కొత్త లాంతర్లు మాత్రం పంపకండి. ఈ చలికాలంలో మీకు తెలిసిన ఏజెన్సీ బడికో, ఉపకేంద్రానికో, అంగన్‌వాడీకో ఫోన్ చేసి, కప్పు మీద పలకలున్నాయా, బ్యాటరీ ఏ సంవత్సరానిది అని అడగండి. పాతదైతే కొత్త బ్యాటరీకీ, దాన్ని బిగించే మెకానిక్ రాకపోకలకూ డబ్బు పంపండి. మే నెలాఖరు లోపు పంపండి. జూన్ తర్వాత చర్ల రోడ్డు మీద ఏ బండి ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు.